జొన్న, పత్తి, ఇప్పపువ్వు: చక్కెరలు మన ఒంట్లో కలిసే దారి



మా సారు కరీంనగర్‌లోనూ ఆదిలాబాద్‌లోనూ రసాయనశాస్త్రం చెప్పారు. ఆయన శిష్యులు తలా ఇంత వేసుకుని నెలకొల్పిన ఈ ఉపన్యాసానికి ఒక నియమం ఉంది. ఏ శాస్త్రం చెప్పినా అది ఈ ఉమ్మడి జిల్లాల పొలంలోనో వంటింట్లోనో కంటికి కనబడేదై ఉండాలి. అందుకే నేను తిండిని ఎంచుకున్నాను, అందులోనూ చక్కెరలను. గటక, అన్నం, పాలు, ఇప్పపువ్వు నోట్లో పడ్డాక నెత్తురులోకి ఎట్లా చేరతాయి, వాటిని విడగొట్టే ఎంజైములు ఏవి, ఆ పని ఎంత తొందరగా సాగుతుంది, ఇదీ ఈ పూట విషయం. వేగం దగ్గర కొంచెం ఎక్కువసేపు ఆగుతాను. గత నలభై, యాభై ఏళ్లలో మన ఎంజైములు మారలేదు. వాటికి మనం అందించే తిండి మారింది, దాంతో వాటి పని వేగం మారింది. ఇవాళ ఇంటింటా వినబడే షుగర్ జబ్బు గురించి మాట్లాడేటప్పుడు ఈ సంగతి పక్కకు పోతోందని నా బాధ.

ఇంద్రవెల్లి, ఉట్నూరు తోవలో పోతుంటే ఒకే నల్లరేగడిలో ఒక పక్క జొన్న, ఒక పక్క పత్తి కనిపిస్తాయి. ఇంకాస్త లోపలికి పోతే అడవిలో వెదురు. ఆ వెదురుతోనే కాగజ్‌నగర్‌లోని సిర్పూరు పేపరు మిల్లు ఏళ్ల తరబడి కాగితం చేసింది. జొన్నగింజలో పిండి, పత్తికాయలో దూది, వెదురులో పీచు. ఈ మూడింటినీ విప్పుకుంటూ పోతే ముఖ్యంగా దొరికేది ఒకటే చక్కెర, గ్లూకోజు. దూదిలో నూటికి తొంభై పాళ్లకు పైగా అదే. మరి జొన్నరొట్టె తిని బతుకుతాం, దూది తిని ఎందుకు బతకలేం?

తేడా ఒక గ్లూకోజు ఇంకో గ్లూకోజును పట్టుకునే తీరులో ఉంది. పిండిలో అవి ఆల్ఫా బంధంతో కలుస్తాయి. అప్పుడు గొలుసు మెలికలు తిరుగుతుంది, ఉడికిస్తే నీళ్లు పీల్చి వదులవుతుంది. దూదిలో, వెదురులో బీటా బంధం. అక్కడ ప్రతి గ్లూకోజు తన పక్కదానికి తిరగేసి నిలబడుతుంది. గొలుసు నిటారుగా సాగి, పక్క గొలుసులతో గట్టిగా అతుక్కుని పోగవుతుంది. ఆ గట్టిదనమే మనకు బట్టగా, కాగితంగా పనికొచ్చింది. మన ఒంట్లో పిండిలోని ఆల్ఫా బంధాన్ని తెంచే ఎంజైములు కావలసినన్ని ఉన్నాయి. సెల్యులోజు అనే ఈ పోగులోని బీటా బంధాన్ని తెంచేది ఒక్కటీ లేదు. చొప్ప నమిలే ఎద్దుకూ సొంతంగా లేదు. దాని మొదటి పొట్టలో కాపురం ఉండే సూక్ష్మజీవులు ఆ పని చేసిపెడతాయి. ఒకే నేల, ఒకే వాన, ఒకే గ్లూకోజు. బంధం ఒక్కటి మారితే ఒకటి అన్నమైంది, ఒకటి అంగీ అయింది. రసాయనశాస్త్రంలో నన్ను ఇంతగా కట్టిపడేసిన సంగతి ఇంకొకటి లేదు.

ఎంజైము అంటే ఒక ప్రొటీను. తనకు సరిపోయే బంధాన్ని మాత్రమే పట్టుకుంటుంది, అక్కడ ఒక నీటి అణువును చేర్చి విడగొడుతుంది, తాను తరగకుండా ఇంకో బంధం దగ్గరికి పోతుంది. 1833లో పారిస్‌లో పయెన్, పెర్సో అనే ఇద్దరు రసాయనవేత్తలు మొలకెత్తిన బార్లీ నుంచి, పిండిని చక్కెరగా మార్చే పదార్థాన్ని వేరుచేశారు. అట్లా మొదట చేతికందిన ఎంజైము పిండిని విడగొట్టేదే కావడం మన కథకు తగిన మొదలు. 1894లో ఎమిల్ ఫిషర్ అనే రసాయనవేత్త ఎంజైముకూ అది పట్టుకునే పదార్థానికీ ఉన్న పొంతనను తాళంతో, తాళపుచెవితో పోల్చింది కూడా చక్కెరల మీద పనిచేస్తూనే.

ఇక ముద్ద నోట్లో పెట్టుకుందాం. పచ్చి జొన్నపిండిని నమిలితే ఎంజైములకు పెద్దగా ఏమీ చిక్కదు. అందులో స్టార్చ్ (పిండి పదార్థం) రేణువులు ముడుచుకుని, గట్టిపడి ఉంటాయి. ఎసట్లో పడి ఉడికినప్పుడు అవి నీళ్లు పీల్చి, ఉబ్బి, గొలుసులు విడివడతాయి. జీర్ణం అనే పనిలో మొదటి వంతు పొయ్యిది. రెండో వంతు నోటిది. లాలాజలంలోని అమైలేజ్ గొలుసు మధ్యలో ఎక్కడ పడితే అక్కడ తెంచడం మొదలుపెడుతుంది.

ఇది కంటితో చూడవచ్చు. పలుచని గంజిని రెండు పరీక్షనాళికల్లో పోయండి. ఒకదాంట్లో కాస్త ఉమ్మి, రెండోదాంట్లో అంతే నీళ్లు కలిపి, ఒంటి వేడి ఉన్న నీళ్లలో నిలబెట్టండి. రెండేసి నిమిషాలకు ఒక్కో చుక్క తీసి అయోడిన్ మీద వేయండి. నీళ్లు కలిపినది ఎప్పుడూ నీలమే. ఉమ్మి కలిపినది మొదట నీలం, తర్వాత ఊదా, తర్వాత ఎర్రమట్టి రంగు, చివరికి అయోడిన్ పసుపు మాత్రమే మిగులుతుంది. అయోడిన్ పిండి గొలుసు మెలికల్లో దూరి కూర్చుంటేనే నీలం వస్తుంది. గొలుసు పొట్టిదైపోతుంటే దానికి కూర్చునే చోటు ఉండదు. ముందుగా మరిగించిన ఉమ్మితో చేస్తే రంగు మారదు, ఎంజైము ప్రొటీను చెడిపోయింది కనుక. నిమ్మరసం పిండితే పని ఆగిపోతుంది. కడుపులోని పులుపులో దానికి పట్టే గతి కూడా అదే. అయితే మింగిన ముద్ద లోపలికి ఆ పులుపు చేరేదాకా అమైలేజ్ తన పని సాగిస్తూనే ఉంటుంది. బాగా నమలాలని పెద్దలు చెప్పే మాటకు ఇక్కడ బలమైన కారణమే ఉంది.

లాలాజలంలో ఈ ఎంజైము అందరికీ ఒకే మోతాదులో ఉండదు. దాన్ని తయారుచేసే ఏఎంవై1 అనే జన్యువు ప్రతులు కొందరిలో తక్కువ, కొందరిలో చాలా ఎక్కువ. పిండి పదార్థం ఎక్కువ తినే జనసమూహాల్లో సగటున ఈ ప్రతులు ఎక్కువని 2007లో వచ్చిన ఒక పరిశోధన చూపింది. వేల ఏళ్ల వ్యవసాయం మన నోటి మీద వేసిన ముద్ర అది.

కడుపు దాటి చిన్నపేగులోకి వచ్చాక అసలు పని. క్లోమం పులుపును విరిచే క్షారాన్ని, దాంతో పాటు బోలెడంత అమైలేజ్‌ను పంపుతుంది. నోట్లో ఎంత జరిగినా జరగకపోయినా ఇది పూర్తిచేయగలదు. కానీ దీనికీ ఒక హద్దు ఉంది. గొలుసు కొమ్మ చీలిన చోట ఉండే బంధాన్ని ఇది ముట్టదు. గ్లూకోజును విడివిడిగా ఇవ్వదు కూడా. రెండు గ్లూకోజుల మాల్టోజు, మూడింటి మాల్టోట్రయోజు, కొమ్మలున్న చిన్న ముక్కలు, ఇవే దాని చేతిలోంచి వస్తాయి. వీటిలో ఏదీ నెత్తురులోకి పోలేదు. ఒకే ఒక్క చక్కెర అణువుగా విడిపోతే తప్ప పేగు గోడ తలుపు తీయదు.

ఆ చివరి కోత పేగు గోడ మీదే జరుగుతుంది. చిన్నపేగు లోపలి గోడ నిండా చూషకాలు, ఒక్కో చూషకం మీది కణాలకు మళ్లీ సన్నని నూగు. ఇవన్నీ పరిచి లెక్కిస్తే దాదాపు 30 చదరపు మీటర్ల జాగా. చక్కెరలను తెంచే ఎంజైములు ఈ నూగుకే నాటుకుని ఉంటాయి. మాల్టేజ్-గ్లూకోఅమైలేజ్ మాల్టోజును, చిన్న గొలుసులను విడగొడుతుంది. సుక్రేజ్-ఐసోమాల్టేజ్ రెండు ముఖాలున్న ఎంజైము. ఒక ముఖం చాయ్‌లో వేసుకునే చక్కెరను గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చేస్తుంది, రెండో ముఖం అమైలేజ్ వదిలేసిన కొమ్మ బంధాన్ని తెంచుతుంది. లాక్టేజ్ పాల చక్కెరది. ట్రెహలేజ్ అని ఇంకొకటి ఉంది, పుట్టగొడుగుల్లోని ట్రెహలోజు కోసం. తొలకరి ఉరుములకు ఆదిలాబాద్ అడవుల్లో పుట్టగొడుగులు లేచినప్పుడు దానికి చేతినిండా పని.

విడిపోయిన గ్లూకోజును లోపలికి తీసుకునేది ఎస్‌జీఎల్‌టీ1 అనే ప్రొటీను. రెండు సోడియం అయాన్లు తోడుంటేనే అది ఒక గ్లూకోజును లోపలికి పోనిస్తుంది. 1960లో ప్రాగ్ నగరంలో రాబర్ట్ క్రేన్ అనే శాస్త్రవేత్త ఈ జంట ప్రయాణాన్ని ప్రతిపాదించాడు. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఒక ప్రాణం కాపాడే సంగతి దీంట్లోంచే వస్తుంది.

మనకు బొత్తిగా ఎంజైము లేని చక్కెరలూ తిండిలో ఉన్నాయి. కంది, శనగ, అనుముల్లోని రాఫినోజు, స్టాకియోజు అట్లాంటివి. అవి చిన్నపేగు దాటి పెద్దపేగుకు పోతే అక్కడి బ్యాక్టీరియా పులియబెట్టి గాలి పుట్టిస్తుంది. నానబెట్టి ఆ నీళ్లు పారబోస్తే, మొలకెత్తిస్తే వీటి పాలు తగ్గుతుంది. అంతకు మించి భయపడాల్సింది లేదు, పప్పు మానాల్సిన పని అసలే లేదు.

ఇప్పుడు పేగు బయట, ఇదే పని ఇంకెవరెవరు చేస్తున్నారో చూద్దాం. ఈత, తాటి చెట్టు గీసినప్పుడు కారే తియ్యటి రసంలో ఉన్నది ప్రధానంగా మామూలు చక్కెరే, సుక్రోజు, నూటికి సుమారు పది, పన్నెండు పాళ్లు. లొట్టిలో పడిన నిమిషం నుంచి గాలిలోని, లొట్టిలోని ఈస్టు దాని మీద పడుతుంది. ఈస్టు ఇన్వర్టేజ్ అనే ఎంజైమును బయటికి వదిలి సుక్రోజును గ్లూకోజు, ఫ్రక్టోజులుగా చీల్చి, వాటిని తిని, ఆల్కహాలు, బొగ్గుపులుసు వాయువు వదులుతుంది. నీరా కావాలనుకుంటే లొట్టికి లోపల సున్నం పూస్తారు. సున్నపు క్షారంలో ఈస్టు, బ్యాక్టీరియా తొందరగా పెరగలేవు. మన సుక్రేజ్, ఈస్టు ఇన్వర్టేజ్ ఒకే బంధాన్ని తెంచుతాయి కానీ ఒకటి గ్లూకోజు వైపు నుంచి పట్టుకుంటుంది, ఇంకొకటి ఫ్రక్టోజు వైపు నుంచి. పుట్టుక వేరు, పని ఒకటే.

ఈ ఇన్వర్టేజ్ మీదే 1913లో బెర్లిన్‌లో లియొనోర్ మికేలిస్, కెనడా నుంచి వచ్చిన మాడ్ మెంటెన్ కలిసి పనిచేశారు. ఎంజైము వేగాన్ని లెక్కకట్టే సమీకరణం ఇవాళ్టికీ వారి పేరుతోనే ఉంది, బీఎస్సీ పిల్లలందరూ రాసేదే. దాని అర్థం మాత్రం పరీక్ష పేపరు దాటి వంటింటి దాకా రావాలి. ఎంజైము పని వేగం ముఖ్యంగా రెండింటి మీద ఆధారపడుతుంది, ఎంజైము ఎంత ఉంది, దానికి అందుబాటులో పదార్థం ఎంత ఉంది. మొదటిది మన చేతిలో లేదు. రెండోది చాలావరకు మన చేతిలోనే ఉంది. ఏ గింజ వండుతాం, ఎంత పాలిష్ పడతాం, ఎంత మెత్తగా విసురుతాం, వేడిగా తింటామా చల్లారబెట్టి తింటామా, పక్కన ఏం పెట్టుకుంటాం, ఇవన్నీ ఆ అందుబాటును మార్చేవే.

ఇప్పపువ్వు ఇంకో దారి. ఎండాకాలం మొదట్లో తెల్లవారుజామున రాలిన పువ్వును గోండు, కొలాం ఆడవాళ్లు గంపల్లోకి ఏరుతారు. ఎండబెట్టిన పువ్వు బరువులో సగానికి పైగా చక్కెరలే. అందులో పెద్ద వంతు ముందే గ్లూకోజు, ఫ్రక్టోజులుగా విడిపోయి ఉంటుంది. కోతపని పువ్వే పూర్తిచేసి పెట్టింది, మన పేగుకు మిగిలింది పీల్చుకోవడమే. గింజలు అడుగంటే నెలల్లో అడవి పల్లెలకు ఇది ఒంటికి వెంటనే పట్టే బలం. ఉట్నూరులో ఆదివాసీ మహిళలు సంఘంగా ఏర్పడి ఇప్పపువ్వు లడ్డూలు చేస్తున్నారు. సారా కుండకు మాత్రమే పోతుందని పట్నం అనుకునే పువ్వును వారు మళ్లీ తిండిగా నిలబెట్టారు. నాకు అది గొప్ప పనిగా కనిపిస్తుంది. అయితే ఒక మాట చెప్పి తీరాలి. అడవిది, సహజమైనది కనుక షుగర్ ఉన్నవారు ఎంతైనా తినొచ్చని కొందరు అమాయకంగా నమ్ముతున్నారు. గ్లూకోజు అడవిలో పుట్టినా ఫ్యాక్టరీలో పుట్టినా నెత్తురుకు ఒకటే. పనికి పోయే పిల్లకు, బాలింతకు మంచిది, షుగర్ రోగికి లెక్క ప్రకారం తినవలసినది.

పాల సంగతి వేరు. పసిబిడ్డ పేగులో లాక్టేజ్ నిండుగా ఉంటుంది. తల్లిపాలు మానే వయసు దాటాక ప్రపంచంలో ఎక్కువమందిలో అది తగ్గిపోతుంది. ఇది రోగం కాదు, క్షీరదాలన్నిటి మామూలు తీరు. కొన్ని జాతులవారిలో మాత్రం ఒక జన్యుమార్పు వల్ల పెద్దయ్యాకా నిలుస్తుంది. హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థలో వినోదినీ రెడ్డి, జితేందర్ పర్షాద్ భారతీయుల్లో లాక్టేజ్ లోపం మీద 1972లోనే పరిశోధన పత్రం ప్రచురించారు. నలభై ఏళ్ల తర్వాత, 2012లో, హైదరాబాద్‌లోని సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాలుపంచుకున్న అధ్యయనం దేశమంతటి నమూనాలు తీసుకుని, లాక్టేజ్‌ను నిలబెట్టే ఆ మార్పు వాయువ్య భారతంలో ఎక్కువగా, దక్షిణానికీ తూర్పుకూ వచ్చేకొద్దీ తక్కువగా ఉందని తేల్చింది. యూరప్‌వారిలో ఉన్న మార్పూ ఇదీ ఒకటేనని కూడా చెప్పింది.

అంటే మనలో చాలామందికి పెద్దయ్యాక లాక్టేజ్ తక్కువ. అయినా ఒక గ్లాసు పాలు, అదీ తిండితో పాటు తాగితే, వారిలో ఎక్కువమందికి ఏ ఇబ్బందీ ఉండదు. పెరుగు, మజ్జిగ ఇంకా తేలిక. తోడు వేసిన బ్యాక్టీరియా పాల చక్కెరలో కొంత ముందే తినేస్తుంది, పైగా దాని సొంత ఎంజైము మన పేగులోకి వచ్చి మిగిలినదాని మీద పనిచేస్తుంది. గటకలో పాలకన్నా మజ్జిగే ఎక్కువ పోసుకున్న ఈ నేల అలవాటుకు ఇది పక్కాగా సరిపోతుంది.

ఇక వేగం. మా చిన్నతనంలో ఈ జిల్లాల పల్లెల్లో రోజూ తిండి జొన్నగటక, జొన్నరొట్టె, మక్కగటక. వరి అన్నం పండుగకు, చుట్టం వస్తే. 1963లో నెహ్రూ పోచంపాడు దగ్గర పునాదిరాయి వేసిన ప్రాజెక్టు నీళ్లు కాకతీయ కాలువ వెంట కరీంనగర్‌కు వచ్చాయి, మానేరు ఆనకట్ట తోడైంది, జొన్నచేను వరిమడి అయింది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం వచ్చింది. ఆకలి తీరింది. దాన్ని ఎవరూ తక్కువచేసి మాట్లాడకూడదు, ఆకలి ఎట్లుంటుందో తెలిసినవారు అసలే మాట్లాడరు. కానీ పేగు లోపల ఏం మారిందో చూడాలి.

జొన్నలో స్టార్చ్ రేణువుల చుట్టూ కాఫిరిన్ అనే ప్రొటీను గట్టిగా అల్లుకుని ఉంటుంది. ఉడికించినకొద్దీ ఆ అల్లిక ఇంకా బిగుస్తుంది. అమైలేజ్‌కు దారి ఇరుకు. అందుకే జొన్న నిదానంగా జీర్ణమవుతుంది, గ్లూకోజు నెత్తురులోకి కొద్దికొద్దిగా దిగుతుంది. తవుడంతా పోయేదాకా పాలిష్ పట్టిన తెల్లబియ్యాన్ని మెత్తగా వండి వేడివేడిగా తింటే అడ్డేమీ ఉండదు. అదే అమైలేజ్, అదే మాల్టేజ్, కానీ గంటలో చేయవలసిన పని చాలా ముందే ముగిస్తాయి. గ్లూకోజు ఒక్కసారిగా ముంచుకొస్తుంది, క్లోమం ఆ మేరకు ఇన్సులిన్ పోయాలి. నాగలి దున్నేవాడి కండరాలు ఆ గ్లూకోజును లాగేసుకునేవి. కూర్చుని చేసే పనుల్లోకి మారినవారి కండరాలు దాన్ని అంతగా లాగవు.

జొన్నను దేవతను చేయడం కూడా నాకు ఇష్టం లేదు. జొన్న ఒక్కటే తిని బతికిన పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు ఉండేది, ఎండ తగిలిన చోట చర్మం నల్లబడి పొలుసులు లేచేది. 1958లో కూనూరు నుంచి హైదరాబాదుకు వచ్చిన పోషకాహార పరిశోధనశాలలో గోపాలన్, శ్రీకంఠియా 1960లో దీనికి జొన్నలోని ల్యూసిన్ అనే అమైనో ఆమ్లంతో సంబంధం ఉందని చూపారు. పక్కన పప్పు, పాడి, ఆకుకూర లేని గటక మన పూర్వులను కాపాడలేదు. తిరిగి జొన్నకు పొండని నేను చెప్పడం లేదు. గింజ ఏదైనా, అది ఎంజైముకు ఎంత తొందరగా లొంగుతుందో తెలుసుకుని వండుకుందామంటున్నాను.

బియ్యంలోనే తేడాలున్నాయి. బియ్యపు పిండిలో రెండు రకాల గొలుసులు, కొమ్మల్లేని అమైలోజు, కొమ్మలున్న అమైలోపెక్టిన్. అమైలోజు ఎక్కువున్న బియ్యం నిదానంగా కరుగుతుంది. రాజేంద్రనగర్ వరి పరిశోధన కేంద్రం 2015లో విడుదల చేసిన ఆర్ఎన్ఆర్ 15048, అంటే మనమంతా తెలంగాణ సోన అని కొనుక్కునే సన్నబియ్యం, తిన్నాక నెత్తురులో గ్లూకోజు ఎంత పెరుగుతుందో కొలిచే గ్లైసీమిక్ సూచీ పరీక్షల్లో 51 చుట్టూ నిలిచింది. గ్లూకోజును 100 అనుకుంటే 55 దాకా ఉన్నవాటిని తక్కువ కింద లెక్కిస్తారు. ఈ వంగడానికి తల్లిదండ్రులు ఇద్దరు. ఒకటి మారుటేరు నుంచి వచ్చిన ఎంటీయూ 1010. రెండోది జేజీఎల్ 3855, పొలాసలోని మన జగిత్యాల పరిశోధన స్థానంలో పుట్టినది, దాని వాడుక పేరు కరీంనగర్ సాంబ. ఈ సంగతి ఇక్కడి విద్యార్థులకే సరిగా తెలియకపోవడం నాకు బాధగా ఉంది. మన పొలాస మడుల్లో నిలబడిన మొక్క సంతానం ఇవాళ షుగర్ రోగుల కంచంలో ఉంది. తెలంగాణ సోన అయినా పరిమాణం పెరిగితే, మెతుకు మెత్తబడేలా వండితే ఆ మేలు కరిగిపోతుందని మాత్రం మరవొద్దు. ఏ అన్నమైనా వండి చల్లార్చితే గొలుసులు మళ్లీ కొంత దగ్గరగా ముడుచుకుంటాయి, కొంత స్టార్చ్ అమైలేజ్‌కు లొంగకుండా పెద్దపేగుకు పోతుంది. రాత్రి అన్నంలో మజ్జిగ పోసి పొద్దున తినే సద్దన్నంలో జరిగేది ఇదే.

ఎంజైము వేగాన్ని మందుతోనూ తగ్గించవచ్చు. అకార్బోజ్, వాగ్లిబోజ్ అనే షుగర్ మాత్రలు పేగు నూగు మీది మాల్టేజ్, సుక్రేజ్‌లను పట్టుకుని కూర్చుంటాయి. తిండి విడిపోవడం ఆలస్యమవుతుంది. విడిపోని వంతు పెద్దపేగుకు పోతుంది కనుక కడుపుబ్బరం ఉంటుంది. ఇవి వేసుకునేవారి ఇంటివాళ్లు ఒక్క విషయం తప్పకుండా తెలుసుకోవాలి. ఇంకో మందుతో కలిపి వాడుతున్నప్పుడు షుగర్ పడిపోయి చెమటలు పడితే, చక్కెర నీళ్లు తొందరగా పనిచేయవు. చక్కెరను చీల్చే ఎంజైమునే మందు ఆపింది కదా. ఇంట్లో గ్లూకోజు పొడి ఉంచుకోవాలి.

పసిపిల్లల సంగతి కొంచెం చెప్తాను. పుట్టిన బిడ్డకు లాక్టేజ్ నిండుగా ఉన్నా క్లోమపు అమైలేజ్ చాలా తక్కువ. నెలలు గడిచేకొద్దీ పెరుగుతుంది. తల్లిపాలలో కొంత అమైలేజ్ ఉండి ఆ లోటును పూడుస్తుంది. ఆరు నెలలకు జావ మొదలుపెట్టేటప్పుడు ఇంకో చిక్కు. గింజ పిండి ఉడికితే చిక్కబడుతుంది, పల్చన చేస్తే బలం తగ్గుతుంది, బిడ్డ చిన్న కడుపు పట్టేది కొంచెమే. మొలకెత్తించి ఎండబెట్టిన రాగిపిండిని ఒక చెంచా, ఉడికి వేడి తగ్గిన జావలో కలిపి కాసేపు ఉంచితే, మొలకలోని అమైలేజ్ గొలుసులను తెంచి జావను పల్చబరుస్తుంది, బలం మాత్రం అంతే ఉంటుంది. మళ్లీ ఒక పొంగు రానిచ్చి పట్టవచ్చు. దీనికి రాగినే వాడండి, జొన్న మొలకలను కాదు. లేత జొన్న మొలకలో ధురిన్ ఉంటుంది, అది సైనైడును వదులుతుంది. లేత జొన్న మేసిన పశువు పడిపోవడం మన రైతులు చూసిందే.

చివరగా విరేచనాలు. వానాకాలంలో ఏజెన్సీ గూడేల్లో అతిసారం ప్రతి ఏడూ వస్తుంది. విరేచనాల్లో చూషకాల కొనలు దెబ్బతింటాయి. లాక్టేజ్ ఉండేది ఎక్కువగా అక్కడే కనుక మొదట పోయేది అదే. తగ్గాక కూడా కొన్నాళ్లు పిల్లలకు పాలు పడకపోవచ్చు, పెరుగు పడుతుంది. తల్లిపాలు మాత్రం ఒక్క పూట కూడా ఆపకూడదు. పేగు కణాలు కొద్ది రోజులకే కొత్తవి పుడతాయి, ఎంజైమూ తిరిగి వస్తుంది. ఇంత దెబ్బలోనూ గ్లూకోజును, సోడియాన్ని జంటగా లాగే ఎస్‌జీఎల్‌టీ1 పనిచేస్తూనే ఉంటుంది. ఆ జంట వెంట నీళ్లు లోపలికి పోతాయి. 1971లో బంగ్లాదేశ్ శరణార్థులతో నిండిన బనగావ్ శిబిరంలో, సెలైన్ సీసాలు అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహలనబిస్ ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లనే తాగించి కలరా మరణాలను బాగా తగ్గించారు. ఇవాళ మన ఆశా కార్యకర్తల సంచిలో ఉండే పొట్లం అదే. లీటరు నీళ్లకు 13.5 గ్రాముల గ్లూకోజు, 2.6 గ్రాముల ఉప్పు, వాటితో పాటు పొటాషియం, సిట్రేట్ లవణాలు. పొట్లం కలపాల్సింది చెప్పినన్ని నీళ్లలోనే. బిడ్డ తాగదని నీళ్లు తగ్గించి చిక్కగా కలిపితే అది పేగులోంచి నీటిని ఇంకా బయటికి లాగుతుంది. పొట్లం చేరేలోపు, కాచి చల్లార్చిన లీటరు నీళ్లలో ఆరు టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు, స్పూను అంచుకు సమంగా కొలిచి కలిపి, గుక్క గుక్కగా తాగించండి. అది కూడా లేని గూడెంలో ఉప్పు వేసిన పలుచని గంజి పనికొస్తుంది. అందులోని పిండిని అమైలేజ్, మాల్టేజ్ కొద్దికొద్దిగా గ్లూకోజు చేసి ఆ తలుపు దగ్గరికి పంపుతూ ఉంటాయి. బిడ్డ కళ్లు గుంటలు పడినా, మూత్రం ఆగినా, మగతగా పడుకున్నా, ఇది తాగిస్తూనే దవాఖానకు బయలుదేరాలి.